అమావాస్య నాడు ఆడిన నాడె

సాంబమూర్తి ఇంట్లో పొద్దున్నే రెండు మగ్గాలు ఆడతాయి. ఒకటి అతనిది, రెండోది భార్య సుబ్బరత్నానిది. ఆవిడ పోయి ఏళ్లు గడిచినా ఆ మగ్గం మాత్రం ఆగలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే దారం మోసే నాడె దానంతటదే పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తడం మొదలుపెట్టింది. పామర్రు నుంచి వచ్చే షావుకారు ఎప్పటిలాగే ఇద్దరికీ నూలు దించి, ఇద్దరి చీరలూ పట్టుకెళ్తున్నాడు. పోయాక ఆవిడ అంచు ఇంకాస్త కుదిరిందని ఒకసారి మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పేదో బతికుండగా అంటే నోరు అరిగిపోయేదా అనుకున్నాడు సాంబమూర్తి.

కూతురు రేణుకకు చిన్నప్పటి నుంచీ ఫిట్స్. గవర్నర్‌పేట డాక్టరుగారు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాశారు. రాత్రిది అన్నం తిన్నాక వేసుకోవడం అలవాటైపోయింది. పొద్దుటిది మాత్రం అమ్మ పూచీ. పిల్ల మాత్ర మింగేదాకా సుబ్బరత్నం నాడె కదలదు. కదలకపోతే సాంబమూర్తి తన మగ్గం గుంటలోంచే కేకేస్తాడు, రేణుక గబగబా మింగుతుంది, మగ్గం ఆడుతుంది. దాంతో తండ్రికీ కూతురికీ గుర్తుపెట్టుకునే బాధే లేకుండా పోయింది. కావడి బరువు మోసేవాడికే తెలుస్తుందంటారు. వీళ్ల కావడి ఆవిడ మోస్తోంది.

అమావాస్యకు మాత్రం ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టుకోరు. కడిగి, పసుపు కుంకుమలు పెట్టి వదిలేస్తారు. సుబ్బరత్నమూ ఆ రోజు నేయదు. అందుకని ఎదురింట్లో ఉండే సాంబమూర్తి అక్క సంపూర్ణమ్మ వచ్చి మాత్ర గుర్తుచేసి వెళ్లేది. ఈసారి అమావాస్యకు ఆవిడ విజయవాడలో కూతురి దగ్గరుంది.

రాత్రి అన్నం వడ్డిస్తున్న రేణుక చేతిలోంచి గరిటె జారిపడింది. పిల్ల కాసేపు ఎటో చూస్తూ ఉండిపోయింది. పిలిస్తే పలకలేదు. తేరుకున్నాక గానీ సాంబమూర్తికి పొద్దుటి మాత్ర గుర్తురాలేదు. తప్పినదీ, ఇప్పటిదీ కలిపి ఇచ్చేస్తే సరిపోతుందనుకుని రెండు మాత్రలు అరచేతిలో వేసుకున్నాడు.

అప్పుడు సుబ్బరత్నం నాడె కదిలింది. ఒక్కసారి ఇటునుంచి అటు వెళ్లి ఆగిపోయింది. బతికున్నప్పుడు కూడా ఆవిడ అమావాస్య నాడు మగ్గం మీద చెయ్యి వేసి ఎరగదు. సాంబమూర్తి కాసేపు చూశాడు. నాడె తిరిగి రాలేదు. ఒకే ఒక్క పోగు. పోగు తప్పిందని తర్వాతి దాంతో కలిపి రెండు దూర్చితే గుడ్డ పాడవుతుందని అతనికి కొత్తగా చెప్పాలా? అరచేతిలో మాత్రలు రెండున్నాయి. ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"రెండూ కలిపి వేయకండి బాబాయ్ గారూ, ప్రమాదం" అంది నర్సు హెప్సిబా. డాక్టరుగారిని అడిగొచ్చి, "రాత్రి మాత్ర టైమ్ అయింది కదండీ, అదొక్కటే వేయండి. తప్పిపోయినది వదిలేయండి. పక్కనే ఉండి చూసుకోండి, మళ్లీ వస్తే ఆగకుండా తీసుకొచ్చేయండి" అని చెప్పింది.

ఒక్కటే వేశాడు. పిల్ల పక్కనే కూర్చున్నాడు. మళ్లీ ఫిట్స్ రాలేదు.

తెల్లారాక రేణుక కులాసాగా లేచి మాత్ర మింగింది. సాంబమూర్తి కళ్లారా చూసి, గుంటలోకి దిగాడు. పక్క మగ్గం కదల్లేదు. లేచి వెళ్లి నాడె ముట్టుకున్నాడు. ఉత్త చెక్క. సెలవు నాడు వేసిన ఆ ఒక్క పోగుకు ఆవిడ ఏం చెల్లించుకుందో ఎవరికి తెలుసు?

"నేను మింగలేదనుకుంటోందేమో నాన్నా, ఇంకోటి వేసుకుంటా" అంటూ రేణుక మాత్ర తీసింది.

సాంబమూర్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దమ్మా. నువ్వు వేసుకున్నావు. నేను చూశాను."

"మరి అమ్మ ఎందుకు నేయట్లేదు?"

అతను ఆమె చేతిలోని మాత్ర తీసి పక్కన పెట్టాడు.

"మీ అమ్మ చనిపోయింది రేణూ" అన్నాడు.

అంతవరకూ ఆ ఇంట్లో ఆ మాట పైకి అనాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. తండ్రీ కూతురూ గుంట అంచున కూలబడి, ఏళ్ల కిందట ఏడవాల్సిన ఏడుపు ఆ పొద్దున ఏడ్చారు.