రెండు మలుపుల వెనక

సైకిలు తొక్కేవాళ్ల నిక్కరుకి లోపల అరంగుళం మందాన స్పాంజి ఉంటుంది. పగలంతా కొండదారిలో చెమట పీల్చుకుని, సాయంత్రానికి అది లాడ్జి బకెట్లోకి చేరుతుంది. ఎంత పిండినా సగం నీళ్లే వదులుతుంది, మిగతా సగం లోపల దాచుకుంటుంది. ఆ విషయంలో అచ్చం యజమాని పోలికే. తెల్లారేసరికి ఆరకపోతే వ్యాన్ ముందద్దం దగ్గర పరిచి, వేడిగాలి దానివైపు తిప్పాలి. పది రోజులుగా ఆమె సముద్రాన్ని ఆ నిక్కరు మీదుగానే చూస్తోంది.

భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. యాభై దాటాక రక్తపరీక్ష రిపోర్టు చూసి హడలిపోయి సైకిలు కొన్నారు. ఆర్నెల్లు తిరక్కుండానే హడలు పోయి పేరు మీద మోజు పుట్టింది. పదకొండు రోజులు, ఆరువందల కిలోమీటర్లు, ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, చివర లైట్‌హౌసు. ఒంటరి యాత్ర. ఒంటరి యాత్రకి కావలసిన స్టవ్వు, బియ్యం, నొప్పుల నూనె, ఆయనకి అలవాటైన తలగడ వ్యాన్‌లో వస్తాయి. వ్యాన్ నడిపేది ఆమె.

"నువ్వు రెండు మలుపుల వెనక ఉండు," అన్నారు మొదటిరోజే. "వ్యాన్ ఫొటోలో పడితే చూసేవాళ్లకి వేరే అర్థం వస్తుంది."

"ఏ అర్థమండీ?"

"అదే, ఎవరో సాయం చేస్తున్నట్టు."

అత్తగారు రోజూ ఫోన్ చేస్తారు. "వాడు ఎండలో రెక్కలు ముక్కలు చేసుకుంటున్నాడు. నీకేమ్మా, కాలు కదపకుండా ఊళ్లు చూస్తున్నావు." కాలు కదపకుండా ఘాట్ రోడ్డు మీద బ్రేకు ఎలా వెయ్యాలో మాత్రం ఆవిడ చెప్పరు. "అవునత్తయ్యా, గాలి బాగుంది," అంటుంది ఆమె.

నాలుగోరోజు టీకొట్టావిడ అడిగింది, "ఆ సారు దగ్గర ఎన్నాళ్లుగా పనిచేస్తున్నావమ్మా?"

"ఇరవై మూడేళ్లు."

"మానకుండా ఉన్నావంటే మంచి సారే అన్నమాట."

గ్లాసులో టీ అయిపోయినా ఆమె ఇంకో రెండు గుక్కలు తాగినట్టు నటించింది.

తను కూడా తొక్కింది ఒకప్పుడు. నాన్న పాత సైకిలు మీద, వెనక చెల్లెల్ని కూర్చోబెట్టుకుని, రోజూ పది కిలోమీటర్లు పోనూ, పది రానూ, మూడేళ్లు. లెక్కవేస్తే ఇలాంటి యాత్రలు పాతిక పైనే. దాన్నెవరూ యాత్ర అనలేదు, కాలేజీకి వెళ్లడం అన్నారు. పంచరు వెయ్యడం అప్పుడే నేర్చుకుంది. పెళ్లిచూపుల్లో ఏమేం వచ్చని అడిగితే అది చెప్పబోయింది. అమ్మ కాలు తొక్కింది.

పదకొండోరోజు ఆఖరి ఎత్తు ఎక్కగానే వెనక చక్రంలో గాలి పోయింది. కింద లైట్‌హౌసు కనిపిస్తోంది. అక్కడ పేపరు విలేకరి, ఫొటోగ్రాఫరు కాచుకుని ఉన్నారు. రెండు మలుపులు దాటి ఆమె వచ్చేసరికి భర్త రాయి మీద కూర్చుని నీళ్లు తాగుతున్నారు.

ఆమె సైకిలు తలకిందులు చేసి, టైరు ఊడదీసి, అన్నం గిన్నెలో నీళ్లు పోసి ట్యూబు ముంచింది. బుడగలొచ్చిన చోట గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ప్యాచ్ అంటించి బొటనవేళ్లతో అదిమిపట్టింది. అప్పుడు భర్త ఫోన్ని రాయికి ఆనించి, వచ్చి చక్రం మీద చెయ్యేసి కూర్చున్నారు.

"మిత్రులారా, ఒంటరి ప్రయాణంలో ఇవన్నీ మన చేతులతో మనమే..." ఆగి, గొంతు తగ్గించారు. "నీ చెయ్యి పడుతోంది. తీసెయ్."

"ఇప్పుడు వదిలితే అంటుకోదండీ."

"ఒక్క నిమిషమే కదా."

తీసేసింది. ఆయన వీడియో చక్కగా వచ్చింది. ప్యాచ్ ఊడివచ్చింది. ఆమె మళ్లీ రుద్ది, మళ్లీ రాసి, మళ్లీ అదిమింది. మొదట వ్యాన్ కనబడకూడదన్నారు, దాంతోపాటే సాయం చేసే మనిషీ కనబడకూడదన్నారు, ఇప్పుడు చెయ్యి. వేళ్లకి జిగురు ఎండి పొరలుగా లేస్తోంది. ఇక తనలో దాచడానికి ఏం మిగిలిందా అని వెతుక్కుంది. పెద్దగా ఏం దొరకలేదు.

గాలి కొట్టి చక్రం బిగించింది. స్పానర్ లోపల పెట్టెయ్యబోయి ఆగి, సీటు నాలుగు వేళ్లు కిందికి దించింది. ప్యాంటు అంచు మడిచి, కూరల కవరుకున్న రబ్బరు బ్యాండు తీసి చీలమండకి వేసుకుంది, కాలేజీ రోజుల్లోలాగే.

"సీటెందుకు దించావ్?"

"నా ఎత్తుకి." ఎక్కి కూర్చుంది. "తాళాలు వ్యాన్‌కే ఉన్నాయి."

"అదేంటి, కింద విలేకరి ఎదురుచూస్తుంటాడు."

"తెలుసండీ, అందుకే చెప్తున్నా. మీరు రెండు మలుపుల వెనకే రండి. వ్యాన్ ఫొటోలో పడితే చూసేవాళ్లకి వేరే అర్థం వస్తుంది."