ఎరువు మూటల గది

"పగలు నీళ్లు తక్కువ తాగు. ఆడది పొద్దుగూకినాకనే చెంబు పట్టాల." కోసిగికి కోడలిగా వచ్చిన కొత్తలో అత్త చెప్పిన ఆ మాటను మహాదేవమ్మ ఇన్నేళ్లూ జవదాటలేదు. పత్తి చేలో మొగోళ్లు గట్టు వైపు తిరిగి పని కానిచ్చేవాళ్లు. ఆమె మాత్రం ఎంత ఎండలోనైనా నాలుక తడుపుకుని సరిపెట్టుకునేది. ఇంటి పక్కన సర్కారు కట్టించిన మరుగుదొడ్డి ఉందన్న పేరే గానీ, అందులో ఎరువు మూటలుండేవి. మూటలు తడవకూడదు మరి, మనిషిదేముంది.

ఆ రోజు చేలో ఆమె కుడికాలు మొద్దుబారి చల్లబడింది. "తిమ్మిరిలే, నాలుగడుగులేస్తే పోతాది," అన్నాడు మొగుడు అయ్యన్న. ఆ కాలు ఈడ్చుకుంటూనే ఇంటికొచ్చి, రొట్టెలు కాల్చి అందరికీ పెట్టింది. తెల్లారేసరికి కాలు నీలంగా మారితే కర్నూలు ఆసుపత్రికి తెచ్చారు. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను ఆపరేషన్ చేసి తీశారు. కాలు దక్కింది, కిడ్నీలు మొరాయించాయి.

"రక్తం అందక కాలి కండ చచ్చిపోయింది. నాళం తెరవగానే ఆ చెడంతా కిడ్నీల మీద పడింది. అసలే ఒంట్లో నీళ్లు లేని మనిషి," అని డాక్టరమ్మ అయ్యన్నకు చెప్పింది. మంచానికి కట్టిన సంచీలోకి డికాషన్ లాంటి మూత్రం కాస్త దిగి ఆగిపోయింది. డయాలసిస్ మొదలుపెట్టారు.

చిత్రమేమంటే, ఎవరి కంటా పడకూడదని ఇన్నేళ్లు బిగబట్టుకున్న దానికోసమే ఇప్పుడు వార్డంతా ఎదురుచూస్తోంది. అయ్యన్న కూడా వంగి వంగి ఆ సంచీ చూసేవాడు. మొదట్లో మహాదేవమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. తర్వాత కోపమొచ్చింది. కోపమొచ్చాక సిగ్గు పోయింది.

ఒక ఉదయం సంచీ నిండింది, రంగూ తేటపడింది. "కిడ్నీలు కోలుకుంటున్నాయమ్మా. ఇక నీళ్లు బాగా తాగు. ఇంటికెళ్లాక బిగబట్టొద్దు," అంది డాక్టరమ్మ. అయ్యన్న కళ్లు తుడుచుకున్నాడు.

"ఎప్పుడొస్తావని మా అమ్మ అడుగుతాండాది. పొయ్యి కాడ శానా కష్టంగా ఉండాదంట."

మహాదేవమ్మ గ్లాసు అందుకుని, పట్టపగలు, మొగుడి ఎదురుగా, నీళ్లన్నీ తాగేసింది.

"ఆ మూటల గది ఖాళీ చేసి, నీళ్ల తొట్టి పెట్టి కబురు చెయ్యి. అందాకా నేను ఆదోనిలో మా చెల్లెలింట్లో ఉంటా."

అయ్యన్న తల గోక్కున్నాడు.

"వానొస్తే మూటలు యాడ పెట్టాల?"

"ఇన్నేళ్లూ వానలో నేను యాడికి పోయినానో, ఆడ పెట్టు."