కొప్పులో కలం

"ఆ కత్తి ఇట్టియ్యి మే. చెయ్యి తెగిందంటే రేపు పరీక్షలో బొమ్మ ఎట్టా గీస్తావు?"

నేను పుట్టకముందే నా గురించి పుట్టిన మాట ఇది. అప్పటికి కత్తి నన్ను తాకనే లేదు. ఎవరి చెయ్యీ తెగలేదు. అయినా మునిలక్ష్మి ఒక గుడ్డపీలిక చింపి, కట్టు కట్టడానికి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కూతురు ప్రసూన నవ్వి కత్తి ఇచ్చేసింది. చివరికి తల్లే నన్ను చెక్కింది. ఏమీ తెగలేదు. మిగిలిపోయిన ఆ పీలికని మాత్రం పారేయలేదు, ఎప్పుడో ఒకప్పుడు తెగుతుందని దాచింది.

నేను ఒక కలాన్ని. సిరా పోసుకునే కలాన్ని కాదు, కాళహస్తిలో గుడ్డ మీద బొమ్మలు వేసే కలాన్ని. జానెడు వెదురుపుల్ల, దాని కొన సన్నగా చెక్కి, కొనకు కాస్త పైన గొంగళి ముక్క ఉండలా చుట్టి దారంతో బిగిస్తే నేను. ఆ ఉన్నిలో రంగు నిలుస్తుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే కొనకు దిగుతుంది. ఎక్కువ నొక్కితే బొట్టు పడుతుంది, గుడ్డ పాడవుతుంది. నొక్కకపోతే గీతే లేదు. నా బతుకంతా ఆ నొక్కులోనే ఉంది.

నన్ను ఎక్కువగా ముంచేది నలుపులో. ఇనుపతుప్పూ బెల్లమూ కుండలో వారాల తరబడి ఊరబెట్టిన నీళ్ళు అవి. గీసేటప్పుడు పలచగా, ఉందా లేదా అన్నట్టు కనబడతాయి. కరక్కాయా పాలూ పట్టించిన గుడ్డ మీద పడ్డాక చూస్తుండగానే నల్లబడతాయి. ఆ తర్వాత ఏట్లో ఎంత ఉతికినా పోవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మనుషుల మాటల్లోనూ అలాంటివి కొన్ని ఉంటాయి.

మునిలక్ష్మి ఒక పెద్దాయన పనిశాలలో రోజుకూలీకి రంగులు నింపేది. చేతులు ఖాళీ లేనప్పుడు నన్ను కొప్పులో గుచ్చుకునేది. అందుకే ఆమె ఎక్కడికి పోతే నేనూ అక్కడికే పోయాను. ఆమె తలలో తిరిగే భయాలన్నీ నాకు తెలుసు. మబ్బు పడితే భయం, మబ్బు లేకపోతే ఇంకా భయం. ఎందుకంటే ఆమె భర్త, మా ఊళ్ళో చినుకు కూడా పడని రోజున, గుడ్డలు ఉతకడానికి స్వర్ణముఖిలో దిగాడు. పైన ఎక్కడో కురిసిన వాన ఏరై వచ్చి ఆయన్ని తీసుకుపోయింది. గుడ్డలు దొరికాయి. వాటి మీద నలుపు చెక్కు చెదరలేదు.

అప్పట్నుంచి ఆమెకు మిగిలింది ప్రసూన ఒక్కతే. తిరుపతిలో బొమ్మల చదువు, మూడో ఏడు. నాలుగో ఏడు చదవాలంటే చేతిలో ఏమీ లేదు. అప్పుడే కాలేజీలో ఒక కాగితం అంటించారు. ఏదో ట్రస్టు, కళలు చదివే పిల్లలకు స్కాలర్‌షిప్ ఇస్తుందట. షరతు ఒకటే. ఆ పిల్లలు అరవై గంటలు 'మీ కమ్యూనిటీలో' స్వచ్ఛందంగా పని చెయ్యాలి. కాగితమంతా ఇంగ్లీషులో ఉంది. కమ్యూనిటీ అన్న ఆ ఒక్క మాట మాత్రం తల్లీకూతుళ్ళిద్దరికీ తెలిసిన మాటే.

తెలిసిన మాటే కొంప ముంచింది.

దరఖాస్తు నింపడానికి నెట్ సెంటరుకు వెళ్ళారు. నేను కొప్పులో ఉన్నాను. అక్కడి సుధాకర్ వెయ్యి ఫారాలు నింపినవాడు. రేషను కార్డు నుంచి హాస్టలు సీటు దాకా ప్రతి ఫారంలోనూ ఆ మాట ఉంటుంది, దాని పక్క గళ్ళో ఏం రాయాలో చంటిపిల్లకైనా తెలుసు. "కమ్యూనిటీ అంటే కులమే కదక్కా. మీవాళ్ళకి సేవ చెయ్యమంటా ఉండారు. క్యాస్టు సర్టిఫికెట్ జిరాక్సు పెట్టు," అన్నాడు, తలెత్తకుండానే.

ప్రసూనకు అనుమానం వచ్చింది. ఫోన్ చేసి కనుక్కుందాం మా అంది. మునిలక్ష్మి ఒప్పుకోలేదు. అడిగితే విసుక్కుంటారట. విసుక్కుంటే పేరు గుర్తుపెట్టుకుంటారట. గుర్తుపెట్టుకుంటే ముందు కొట్టేసేది ఆ పేరేనట. ఆమె భయం ఎప్పుడూ ఇలా మెట్టు మెట్టుగా దిగి నీళ్ళ దగ్గరే ఆగుతుంది. ప్రసూన ఊరుకుంది. జిరాక్సు తీయించారు.

వాళ్ళ ఇంటి అరుగు మీద ఆదివారం ఆదివారం బొమ్మల బడి మొదలైంది. మునిలక్ష్మి వీధిలో ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పోగుచేసింది. అందరూ 'మనవాళ్ళే' అని రెండుసార్లు చూసుకుంది. అన్నేళ్ళుగా పక్కపక్కనే బతికిన వీధి, ఎవరు ఎవరో ఆమెకు తెలియక కాదు. అయినా ఒక ముసలమ్మని నిలబెట్టి, ఆమె మనవడి తండ్రిది ఏ ఊరని అడిగింది. ముసలమ్మకి కోపం వచ్చి, నా బిడ్డ ఎవర్ని చేసుకుంటే నీకేమే అని వీధంతా వినేలా తిట్టింది. మునిలక్ష్మి పడింది. కూతురి చదువు కోసం అంతకన్నా ఎన్నో పడింది ఆమె.

పిల్లలు నన్ను పట్టుకుని ఏం చేశారో చెబితే మీరు నవ్వుతారు. పిండారు. ఒకడు నన్ను చెవిలో పెట్టుకున్నాడు. పాత గుడ్డల మీద నెమళ్ళు కోళ్ళయ్యాయి, కోళ్ళు మరకలయ్యాయి. ప్రసూన విసుగు లేకుండా వాళ్ళ వేళ్ళ మీద వేళ్ళు పెట్టి దిద్దేది. ప్రతి వారం చివర్లో ట్రస్టుకు పంపడానికి ఒక ఫోటో తీసేది.

నాలుగో ఆదివారం చెంగమ్మ వచ్చింది. కాలువ అవతలి పిల్ల, తొమ్మిదేళ్ళు ఉంటాయి. తల్లి పెంచలమ్మ రైస్ మిల్లులో బియ్యం చెరుగుతుంది. కాలువ అవతల అంటే వేరే ఊరేమీ కాదు, గట్టిగా పిలిస్తే పలుకుతారు. కానీ ఇవతలివాళ్ళు అవతలకు, అవతలివాళ్ళు ఇవతలకు పనుంటే తప్ప రారు. ఆ పిల్ల అరుగెక్కలేదు. కింది మెట్టు మీద కూర్చుని, మట్టిలో వేలితో గీస్తూ చూసింది. తర్వాతి వారం కూడా వచ్చింది. ఆ తర్వాతి వారమూ వచ్చింది. ఫోటో తీసేటప్పుడు ప్రసూన మెత్తగా, "కొంచెం పక్కకి జరుగు పాపా," అనేది. చెంగమ్మ జరిగేది. తీయడం అయిందా అని అడిగి మళ్ళీ వచ్చి కూర్చునేది.

ఒకరోజు ప్రసూన నన్ను ఆ పిల్ల చేతికిచ్చింది.

చాలా చేతులు చూశాను నేను. ఆ చెయ్యి నన్ను నొక్కలేదు, అడిగింది. ఎంత కావాలో అంతే దిగాను. ఒక్క బొట్టు పడలేదు. ఆ పిల్ల గీసింది నెమలీ కాదు, దేవుడూ కాదు. చేట పట్టుకుని వంగిన ఒక ఆడమనిషి నడుము. ఒకటే గీత. పలచగా పడి, చూస్తుండగానే నల్లబడింది. ఇది నాకు కూడా రాదు మా అని ఆ సాయంత్రం ప్రసూన తల్లితో చెప్పింది.

తల్లి ఆ మాట వినలేదు. ఆమె చూపు ఫోన్లో ఫోటో మీద ఉంది. మూలన ఒక చెయ్యి పడింది, నన్ను పట్టుకున్న చెయ్యి. మొహం లేదు, చెయ్యే. కానీ ఆ చెయ్యి ఎవరిదని అడిగితే? పేరు రాయమంటే? సర్టిఫికెట్ చూపమంటే? అబద్ధం చెప్పారని స్కాలర్‌షిప్ ఆపేస్తే? పిల్ల చదువు మధ్యలో ఆగిపోతే? ఆమె మెట్టు మెట్టుగా మళ్ళీ నీళ్ళ దాకా దిగిపోయింది.

మరుసటి ఆదివారం చెంగమ్మ వచ్చి, అడక్కుండానే నన్ను చేతిలోకి తీసుకుంది. మునిలక్ష్మి వచ్చి ఆ వేళ్ళలోంచి నన్ను లాక్కుంది. గట్టిగా కూడా లాగలేదు. కోపం లేదు ఆమెకు, ప్రమాణం చేసి చెబుతాను.

"నువ్వు మా కమ్యూనిటీ కాదమ్మా. ఇంక రాబాక."

"కమ్యూనిటీ అంటే ఏందత్తా?"

పిల్లలంతా చూస్తున్నారు. ప్రసూన రంగు కుండలోకి వంగి, కలపాల్సిన అవసరం లేని రంగును కలుపుతూ ఉండిపోయింది. చెంగమ్మ కాసేపు నిలబడింది. నాలోంచి దిగిన నలుపు వేలికి అంటింది, దాన్ని లంగాకి తుడుచుకుంది. పోలేదు. పిల్ల వెళ్ళిపోయింది.

అరవై గంటలూ అయ్యాయి. అప్పుడు ట్రస్టు నుంచి నళిని అనే మేడం వచ్చింది. మంచి మనిషి, అరుగు మీదే కూర్చుని మజ్జిగ తాగింది. ఫైలు తిప్పుతూ ఒక కాగితం దగ్గర ఆగి, ఈ కులం సర్టిఫికెట్ ఎందుకు పెట్టారని అడిగింది. మీరే కదా మేడం కమ్యూనిటీ అన్నారు అంది మునిలక్ష్మి. మేడంకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది.

"కమ్యూనిటీ అంటే మీ ఊరండీ. మీ చుట్టుపక్కల ఉండేవాళ్ళు, ఎవరైనా సరే. ఒక్క కులం పిల్లలకే నేర్పితే మా వాళ్ళు ఇవ్వరు. అది మా రూల్సులో మొదటిది."

మునిలక్ష్మి గోడకు ఆనుకుంది. మేడమే జాలిపడి ఒక దారి చెప్పింది. ఈ నెలాఖరు లోపల, అవతలి పిల్లలు కూడా కలిసి బొమ్మలు వేస్తున్న ఫోటోలు పంపితే తను మాట్లాడి చూస్తుందట. ఎన్నాళ్ళు నేర్పారో ఎవరూ అడగరట. ఫోటోలు ఉంటే చాలట. చూశారా, చదువుకున్నవాళ్ళూ చివరికి ఫోటో దగ్గరికే వచ్చారు.

ఇప్పుడు నేను ఉన్నది పెంచలమ్మ ఇంట్లో, రేకుల కింది వాసానికి గుచ్చి, పళ్ళు ఊడిన దువ్వెన పక్కన. ఎండిపోయాను. ఉన్ని రాయిలా గట్టిపడింది. ప్రసూన నాలుగో ఏడు చదవలేదు. తిరుపతిలో చీరలకొట్లో గుడ్డలు మడతపెడుతుందని మొన్న ఎవరో అంటుంటే విన్నాను. చెంగమ్మ ఒక్కోసారి నన్ను చూస్తుంది. ముట్టుకోదు. నేను ఈ ఇంటికి ఎలా వచ్చానో అదొక్కటీ చెప్పి ఊరుకుంటాను.

మేడం వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మునిలక్ష్మి కాలువ దాటింది. కూతుర్ని రమ్మంటే, "ఏ మొగం పెట్టుకోని వచ్చేది మా?" అంది ప్రసూన. తల్లి ఒక్కతే వచ్చింది. కొప్పులో నేను, చేతిలో బిస్కట్ పొట్లం, జాకెట్లో కూతురి ఫోను. ఫోటో ఎలా తియ్యాలో దారంతా మనసులో వల్లించుకుంది.

పెంచలమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతూ ఉంది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. చేట ఆగలేదు. చెంగమ్మ గడప మీద కూర్చుని ఉంది. మునిలక్ష్మి నిలబడే మాట్లాడింది. తనకు తెలియక అన్నానంది. ఆ మాటకు అర్థం వేరే అంట, ఊరంతా అని అంట, పెద్ద మేడం వచ్చి చెప్పిందంది. పాప చెయ్యి మంచి చెయ్యి అని ప్రసూన ఎప్పుడూ అంటుందంది. అది నిజమే. నన్ను కొప్పులోంచి తీసి చెంగమ్మ ముందు పెట్టింది. ఇది నీకే ఉంచుకో, రేపు ఆదివారం రా, మీ పక్కింటి పిల్లల్నీ పిలుచుకురా అంది.

చెంగమ్మ నన్ను తీసుకోలేదు. మునిలక్ష్మి జాకెట్లో ఎత్తుగా కనబడుతున్న ఫోను వైపు చూసింది. పక్కకి జరగమన్నప్పుడల్లా జరిగిన పిల్ల అది. ఫోటో అంటే ఏమిటో తెలుసు.

"ఫోటోకా అత్తా, బొమ్మకా?"

చేట ఆగింది.

మునిలక్ష్మి తలలో ఎన్నేళ్ళు ఉన్నాను నేను. అక్కడ ఇప్పుడు ఏం జరుగుతుందో నాకు తెలుసు. బొమ్మకే అంటే చాలు, పిల్ల వస్తుంది. పదిమందిని తీసుకొస్తుంది. ప్రసూన చదువు నిలబడుతుంది. ఒక్క మాట. మెట్టు మెట్టుగా అన్ని భయాలూ కిందికి దిగి నీళ్ళ దగ్గర నిలబడి, ఆమె నోటి వైపు చూస్తున్నాయి.

గింజల కోసం వచ్చిన పిచ్చుకలు వాలి, తిని, లేచిపోయాయి. కాలువ అవతల ఎవరో ఎవరినో పిలిచారు. పెంచలమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని చూస్తూనే ఉంది. ఎండ గడప దాకా వచ్చి నా మీద పడింది.

"ఫోటోకే అమ్మా," అంది మునిలక్ష్మి.