వెడి బ్యాండు పాడింది మూడుసార్లే

తోటి కూలీ చిక్కప్ప తల మీద రాయి పడ్డప్పుడు నేను పక్క గుంతలోనే పని చేస్తున్నాను. మందు పేల్చే ముందు "వెడి, వెడి, వెడి" అని ముమ్మారు అరిచి, జనం దూరం పోయాక వత్తి అంటించడం ధర్మపురి క్వారీల్లో వాడుక. అరిస్తే పని ఆగిపోతోందని మా క్వారీ యజమాని మొదలాళి ఆ కేక మాన్పించాడు. చిక్కప్పను చంపింది ఆయనే. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. కాలేజీలో చదివే అన్బళగన్ బెంగుళూరు నుంచి ఒక క్యాసెట్ తెచ్చాడు. పాట నిమిషం కూడా ఉండదు. గిటారు రంపంలా కోస్తుంటే ఎవరో గొంతు చించుకుంటున్నాడు. మేం నవ్వాం. చిక్కప్ప భార్య సాకమ్మ నవ్వలేదు.

"మా ఆయన్ని పూడ్చిననాడు నేను ఒప్పారి ఏడుపుపాట ఇట్లే కదా పాడినాను" అంది.

అలా పుట్టింది మా వెడి బ్యాండు. సాకమ్మ గొంతు, అన్బళగన్ అరువు గిటారు, తారు పీపా మీద నా గడ్డపార. మొదలాళి మనుషులు వచ్చేలోగా పారిపోవాలి కాబట్టి మా పాటలూ అరనిమిషమే. ప్రతి పాటకూ ముందు సాకమ్మ ఆ పాత కేకే ముమ్మారు వేసేది. మూడు క్వారీల్లో పాడాం. కేక వినపడితే చాలు, కూలీలు సుత్తులు పడేసి మా దగ్గరికి పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మేం పొంగిపోయాం. ఎంత గుడ్డివాళ్ళం.

నాలుగోసారి సోగత్తూరు దగ్గర, మొదలాళి ఇంకో క్వారీలో. ఇంకా పీపా దించుతున్నాం. కింద వత్తి అంటించడం సాకమ్మ చూసింది. ప్రాణాలన్నీ గొంతులోకి తెచ్చుకుని అరిచింది. రాళ్ళు మోసే పొన్ని అది పాటే అనుకుని, నవ్వుతూ మా వైపు పరుగెత్తింది. మందు మాకూ ఆమెకూ మధ్యే ఉంది.

పొన్నికి పద్దెనిమిదేళ్ళు. ఆ తర్వాత మేం పాడలేదు.

మర్నాడు మమ్మల్ని స్టేషన్‌లో కూర్చోబెట్టారు. జనాన్ని కేకేసి రప్పించి చంపింది బ్యాండేనని మొదలాళి ఇన్‌స్పెక్టర్ పక్కనే కూర్చుని కాగితం రాయించాడు. పొన్ని తల్లి మారియాయి వేలిముద్ర వేస్తే మాకు జైలే. వాకిట్లో రెండొందల మంది కూలీలు నిలబడి చూస్తున్నారు.

మారియాయి సాకమ్మ వైపు తిరిగింది. "నా బిడ్డ నీ కేక వినే వచ్చింది. చచ్చేదాకా నిన్ను మన్నించను."

"మన్నించొద్దక్కా" అంది సాకమ్మ.

మారియాయి సిరాపెట్టె మూసి ఇన్‌స్పెక్టర్ ముందుకు తోసింది. "అయ్యా, కేక మాన్పించినాడు ఈయన, నిప్పు పెట్టించినాడు ఈయన. అది రాసుకో. పది వేళ్ళూ అద్దుతాను."

"రాయకపోతే?"

"నన్నూ వీళ్ళతో లోపలెయ్యి."

మారియాయి సాకమ్మ ముఖం చూడకుండానే ఆమె పక్కన నేల మీద కూలబడింది. వాకిట్లో వాళ్ళు ఒక్కొక్కరే లోపలికొచ్చి మా చుట్టూ కూర్చున్నారు. చోటు చాలక మిగిలినవాళ్ళు రోడ్డు మీద కూర్చున్నారు. ఆ వారం ఏ క్వారీలోనూ మందు పేలలేదు.