ఏడో తువాలు

ఇలోనాకు నాలుగు తువాళ్ళు పట్టేవి. నడుము చుట్టూ మూడు, వీపు కింద పల్లంలో మడతపెట్టి ఒకటి. రొమ్ములు అణిగేలా జానెడు వెడల్పు నూలుగుడ్డ ఒక చుట్టు. అప్పటికిగాని ఆ హంగేరీ పిల్ల ఒళ్ళు భుజాల నుంచి తుంటి దాకా వంపనేది లేకుండా ఒకే తీరున నిలిచేది కాదు. ఆ పైన కిమోనో వేస్తే ఇక ఎక్కడా ముడత పడదు.

ఈ సంగతి సుమియే ఎక్కడా రాసిపెట్టుకోలేదు. క్యోటోలో ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పెళ్ళికూతుళ్ళకూ మోడళ్ళకూ కిమోనో కడుతున్న మనిషి. ఎవరికి ఎన్ని తువాళ్ళో ఆమె చేతులకే గుర్తుంటుంది.

తొమ్మిదేళ్ళ క్రితం ఇలోనాను మొదటిసారి తీసుకొచ్చింది కువబారా. మురోమాచి వీధిలో ఒక కిమోనో టోకు దుకాణానికి అమ్మకాలు చూసేవాడు. విదేశీ పిల్లకు కిమోనో కట్టి ఫోటో తీసి అమ్మకాల పుస్తకంలో వేస్తే మన పిల్లలకు మళ్ళీ దానిమీద మోజు పుడుతుందని అతని ఆలోచన. తీరా పిల్లను నిలబెట్టాక అతనికే అనుమానం వచ్చింది.

"సుమియే సాన్, ఆ భుజాలు చూశారా? గుడి ముందు తోరణ ద్వారం పాతినట్టున్నాయి. కిమోనో కడతారా, పరదా కడతారా?"

"మీ కొడుకు పెళ్ళికి మీ పొట్టకి కట్టలేదూ? ఇదెంత?" అంది సుమియే మోకాళ్ళ మీద కూర్చుని అంచు సర్దుతూ.

ఇలోనాకు అప్పటికి జపాను భాష అంతంతమాత్రం. అయినా పొట్ట అన్న మాట తెలిసి పకపకా నవ్వింది. ఆ నవ్వుకి కట్టిందంతా సడలిపోయింది.

"పళ్ళు కనిపించకుండా నవ్వడం ముందు నేర్చుకోవాలమ్మా నువ్వు," అంది సుమియే. ఆ రోజు నుంచి ఇలోనా ఆమెను సెన్సేయ్ అని పిలిచింది, పంతులమ్మను పిలిచినట్టు.

అన్నీ నేర్చుకుంది. వేళ్ళు లోపలికి తిప్పి చిన్న చిన్న అడుగులు వేయడం, చేయి చాపేటప్పుడు మణికట్టు కనబడకుండా రెండో చేత్తో అంచు పట్టుకోవడం, మెడ వెనక కిమోనో అంచుకూ ఒంటికీ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ చెదరకుండా తల వంచడం. మాట కూడా సుమియే దగ్గరే నేర్చుకుంది కనుక ముసలమ్మల క్యోటో యాస వచ్చింది. టాక్సీ ఎక్కితే డ్రైవర్లు వెనక్కి తిరిగి చూసేవారు, తమ నాయనమ్మ ఎక్కిందా అని. దేమాచి దగ్గర ఒంటిగది ఇంట్లో ఒక్కతే ఉండేది. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ, ఏడాదికి ఐదారుసార్లు ఫోటోలకు వచ్చేది.

ఎన్ని నేర్చినా ఫోటోలు చూసేటప్పుడు కువబారా నోట ఒకే మాట. "బాగుంది. కానీ కిమోనో కన్నా మనిషి కాస్త ఎక్కువైంది." ఇలోనా తల వంచి "క్షమించండి" అనేది, ఒళ్ళు ఉండడమే తప్పయినట్టు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాక, ఒక ఫిబ్రవరిలో ఐదో తువాలు పట్టింది. ఏప్రిల్‌లో ఆరు. రొమ్ముల గుడ్డ అవసరం లేకపోయింది. కంఠపు ఎముకల కింద గుంటల్లో దూది పెట్టాల్సి వచ్చింది. మెడకు తెల్లరంగు పూసే అమ్మాయి ఎప్పుడూ పట్టే దాంట్లో సగంతో ముగించి, "ఈవిడ మెడే తెల్లబడింది, ఇక నాతో పనిలేదు" అంది వేళాకోళంగా.

ఫోటోలు చూసి కువబారా కుర్చీలోంచి లేచాడు. "ఇదీ! ఇదీ కావాల్సింది! ఆ మెడ చూడండి. అచ్చం మన పిల్లే!"

అద్దంలో ఇలోనా ముఖం చూసింది సుమియే. తొమ్మిదేళ్ళు వాకిట్లో నిలబడ్డ మనిషిని లోపలికి రమ్మన్నట్టుంది ఆ ముఖం. తనకూ ముచ్చటేసింది. "ఈ ఏడు నీ ఒంటికి కిమోనో నప్పిందమ్మా," అంది. అది అబద్ధం కాదు. 

జూన్‌లో వానలు మొదలయ్యాక, వచ్చే జనవరి కోసం పొడుగుచేతుల కిమోనోలకు ఫోటోలు తీశారు. ఇరవై ఏళ్ళు నిండిన పిల్లలు ఊరి వేడుకలో కట్టుకునేవి. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి ఇలోనా రెండు ముద్దలు తిన్నది, గుడ్డు అట్టు తీసి సుమియే డబ్బాలో పెట్టింది.

"రెండు ముద్దలకే కడుపు నిండిపోతోంది సెన్సేయ్. మీ ఊరి ఆడపిల్లనైపోయాను."

ఏడో తువాలు చుడుతున్నప్పుడు ఎడమ డొక్క కింద సుమియే చేతికి ఏదో తగిలింది. అరచేయంత, గట్టిగా. తువాలు మడతేమో అనుకుని వేళ్ళతో సవరించింది. మడత కాదు.



తనకు పని నేర్పినావిడ మొదటి రోజే చెప్పింది. చేతికి తెలిసింది నోటిదాకా రాకూడదు అని. కిమోనో కట్టేవాళ్ళకు అన్నీ తెలుస్తాయి. కోతల మచ్చలు, మొగుడి చేతివాతలు, ఎవరికీ చెప్పని మూడోనెల. అలాంటి పెళ్ళికూతురు వస్తే సుమియే నడుము బిగించే తాడు ఒక వేలెడు వదులు చేసి, ఓబీ రెండు వేళ్ళు పైకి కట్టేది. నడుముకు చుట్టే ఆ పట్టా అంత పైకి ఎందుకు వచ్చిందో తల్లికి కూడా తెలిసేది కాదు. పెళ్ళికూతురు మాత్రం వెళ్ళేటప్పుడు మరీ కిందికి వంగి దణ్ణం పెట్టేది. ఊళ్ళో సుమియేకు మంచి పేరు వచ్చింది ఆ మౌనం వల్లనే.

ఇప్పుడూ అదే చేసింది. తాడు ఆ గట్టి చోటు మీదుగా పోకుండా పైకి జరిపింది. వేలెడు వదులు చేసింది. కానీ ఇది మూడోనెల కాదని ఆమె చేతులకు తెలుసు. అందుకని వెళ్ళేముందు, గుమ్మం దగ్గర గొడుగు అందిస్తూ అంది.

"రోజులు బాగాలేవు. ఒళ్ళు జాగ్రత్తమ్మా."

ఇలోనా రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, నేర్పినట్టే వంగింది. "మీరు కూడా, సెన్సేయ్."

వానలో ఆమె వెళ్ళిపోయేదాకా చూసి, చెప్పేశానని సుమియే ఊపిరి పీల్చుకుంది.

వానలు వెలిశాక వచ్చిన ఎండాకాలమంతా పని లేదు. సెప్టెంబరు రెండో వారం మళ్ళీ పిలుపు వచ్చింది. ఇలోనా వచ్చి లోపలి అంగీ విప్పింది. సుమియే తువాళ్ళ దొంతర ముందు కూర్చుని చేయి చాపింది. ఆ వీపు చూసింది. ఎముకలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. డొక్క కింద ఉబ్బు ఇప్పుడు కంటికే ఆనుతోంది.

తువాలు తీయలేదు.

"సెన్సేయ్?"

"బట్టలు వేసుకో. నేనివాళ కట్టను."

పరదా అవతల నుంచి కువబారా గొంతు. "ఎంతసేపండీ? వెలుతురు పోతోంది."

సుమియే పరదా తొలగించుకుని బయటికి వచ్చింది. "ఈ పిల్లకి ఒంట్లో బాగాలేదు కువబారా సాన్. ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను."

"బాగాలేకపోవడమేంటి? ఎప్పుడూ లేనంత అందంగా ఉంటే!"

"అందం కాదయ్యా అది!" సుమియే అరిచింది. ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆ గదిలో ఆమె గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు. "లోపల తువాళ్ళు కుక్కి కుక్కి నేను చేసిన బొమ్మ! జూన్ నుంచీ తెలుసు నాకు. డొక్కలో ఏదో గట్టిగా ఉంది."

వెనక ఇలోనా చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "జూన్ నుంచా?" అంది.

రక్తానికి సంబంధించిన జబ్బు అన్నారు ఆస్పత్రిలో. అన్నం మెతుకు పట్టనివ్వనంతగా లోపల ప్లీహం వాచింది. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే మందులకు లొంగేదేమో, ఇప్పుడు గట్టిగా చెప్పలేమన్నాడు డాక్టరు. ఎంత ముందు అని సుమియే అడిగింది. ఆయన ఆమె ముఖం చూసి, అలా నెలలు చెప్పడం కుదరదండీ అన్నాడు.

రోజు విడిచి రోజు వెళ్ళేది. అరటిపండు చిదిమి, పల్చటి గంజి కాచి తీసుకెళ్ళేది. ఇలోనా ఆ సంగతి ఎత్తకుండా మూడు వారాలు ఓపిక పట్టింది. అక్టోబరులో ఒక పొద్దున, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా, అడిగింది.

"జూన్‌లో ఎందుకు చెప్పలేదు సెన్సేయ్?"

"చెప్పాననుకున్నానమ్మా. ఒళ్ళు జాగ్రత్త అన్నాను."

ఇలోనా గుర్తుచేసుకుంది. "అన్నారు. గొడుగు ఇస్తూ." తర్వాత నవ్వింది. పళ్ళన్నీ కనబడేలా, మొదటి రోజు నవ్వినట్టే. ఆ నవ్వులోనే కళ్ళ వెంట నీళ్ళు వచ్చేశాయి. "నేనేమో, మీరు కూడా అన్నాను. వానాకాలంలో అందరూ అనే మాటే కదా అని. వచ్చిన కొత్తల్లో అయితే అడిగేదాన్ని. అలా ఎందుకన్నారు, నాకేమైంది అని వెంటపడి విసిగించేదాన్ని. ఎంత బాగా నేర్చుకున్నానో చూడండి."

 సుమియే చేతిలో గంజి గిన్నె చల్లారిపోయింది.

"మీ తప్పని అనడంలేదు," అంది ఇలోనా. "నాకూ తెలుసు, సన్నబడుతున్నానని. బాగుందనుకున్నాను."

జనవరి రెండో వారంలో, ఊళ్ళో పిల్లలంతా పొడుగుచేతుల కిమోనోలు కట్టుకుని వేడుకకు వెళ్ళిన సోమవారం, ఇలోనా ఫోటో స్టేషన్ గోడకు నిలువెత్తున ఉంది. దాని కింద నిలబడి తల్లులు కూతుళ్ళకు ఫోటోలు తీశారు. ఆ మెడ చూడు, అలా వంచాలి అన్నారు. అప్పటికి ఇలోనాకు స్పృహ లేదు. గురువారం పోయింది. హంగేరీ నుంచి ఆమె అన్న వచ్చి బూడిద తీసుకెళ్ళాడు. అతనికి వీళ్ళ భాష రాదు. సుమియే తల నేలకు ఆనించి వంగితే, ఎందుకో తెలియక ఆమెను భుజాలు పట్టి లేపి కావలించుకున్నాడు.

ఏప్రిల్‌లో కొత్త మోడల్ వచ్చింది. పేరు చినాత్సు, పక్కనున్న ఓత్సు ఊరి పిల్ల, పంతొమ్మిదేళ్ళు. కువబారా ముఖం చాటేస్తూనే సుమియేను పిలిచాడు. అంత చేయి తిరిగిన మనిషి వేరే దొరకలేదు. చినాత్సు లోపలి అంగీ విప్పింది. మోచేతి ఎముకలు పొడుచుకొచ్చి ఉన్నాయి. ముంజేతి మీద నూగు మొలిచింది, తిండి మానేసిన ఒంటి మీద మొలిచే నూగు.

సుమియే మోకాళ్ళ మీద కూర్చుని ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "అమ్మాయ్, నువ్వు రోజూ అన్నం తింటున్నావా?"

చినాత్సు బిత్తరపోయింది. "తింటున్నానండీ."

"నిన్న ఏం తిన్నావు?"

"అదంతా మీకెందుకండీ?"

"నీ ఒళ్ళు బాగాలేదు. చేతికి తెలుస్తోంది. మీ అమ్మకు చెప్పు, డాక్టరుకు చూపించుకో."

ఆ పిల్ల ముఖం ఎర్రబడింది. అంగీ బిగించుకుని ఏడుస్తూ బయటికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున్నే కువబారా ఫోన్ చేశాడు. నీళ్ళు నమిలాడు. "ఆ పిల్ల తల్లి చాలా బాధపడ్డారు. ఒంటి గురించి అలా మొహానే అడిగేస్తారా అని. మీ దగ్గర ఇలాంటిది జరుగుతుందని నేనెన్నడూ... ఇకమీదట వేరే ఆవిడను చూసుకుంటాం సుమియే సాన్. ఇన్నేళ్ళు చాలా శ్రమ తీసుకున్నారు."

"సరేనండి," అంది సుమియే. "ఆ పిల్ల అన్నం తింటోందటా?"

"అదేం ప్రశ్నండీ? నేనడగలేదు."

"అడగండి," అంది సుమియే.