అరవై మూడో ఫారం, పదిహేడో ప్రశ్న

నేను ఒక సర్వే ఫారాన్ని. నా వరస సంఖ్య అరవై మూడు. నా మొదటి ప్రశ్న 'ఇంట్లో ఎవరెవరు ఉన్నారు?' కాబట్టి నా కథ కూడా అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆ రోజు నేను వెళ్లిన పల్లెలో ఒక ఇంట్లో ముగ్గురున్నారు. వసారాలో చిన్న అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న పేరయ్య. నులకమంచం మీద కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తున్న అతని తల్లి కోటమ్మ. పొయ్యి దగ్గర నుంచి పైటచెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడిన అతని భార్య మస్తానమ్మ. నాలుగో మనిషి ప్రవల్లిక. నన్ను అట్టకు బిగించి పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియక మెట్టు మీదే ఆగిపోయింది.

అంతకు మూడు రోజుల ముందు ఒంగోలులో, కాలేజీ గేటు ఎదురుగా ఉన్న జిరాక్సు కొట్టులో నేను పుట్టాను. నాతో కలిపి నూట ఇరవైమందిమి. యంత్రంలోంచి వేడివేడిగా ఒకరి మీద ఒకరం జారిపడ్డాం. మా అందరి ఒంటి మీదా అవే పదిహేడు ప్రశ్నలు. పదహారింటి పక్కన చిన్న చిన్న గళ్లు ఉంటాయి, టిక్కు పెడితే సరిపోతుంది. పదిహేడో దానికి గళ్లు లేవు. నాలుగు ఖాళీ గీతలున్నాయి. 'మీరే దుకాణానికి వెళ్లి ఎంచుకునే వీలుంటే ఎలాంటి చెప్పులు కొనుక్కుంటారు? మీ మాటల్లో చెప్పండి.'

ఖాళీ గీత ఎంత ఎదురుచూస్తుందో మనుషులకు తెలియదు. గళ్లకు టిక్కు చాలు. గీతకు మాట కావాలి. నిండాలి, నిండి లెక్కలోకి వెళ్లాలి. పుట్టినప్పటి నుంచీ నా కోరిక ఇదొక్కటే.

మమ్మల్ని రాసింది ప్రవల్లికే. పల్లెటూరి బడిలో తెలుగులో చదువుకుని, ఇప్పుడు వ్యాపారానికి సంబంధించిన పరిశోధన ఎలా చెయ్యాలో నేర్చుకుంటోంది. పల్లెల్లో ఆడవాళ్లకు ఎలాంటి చెప్పులు కావాలో కనుక్కుని, చెప్పులు తయారుచేసేవాళ్లకు పనికొచ్చేలా లెక్క కట్టి చూపించాలి. అదీ ఆమె ప్రాజెక్టు. పాఠం చెప్పే ఉషారాణి మేడమ్ రెండు నియమాలు పెట్టారు. వరసలో ప్రతి అయిదో ఇంటికే వెళ్లాలి, నచ్చిన ఇళ్లకు కాదు. చెప్పులు తొడుక్కునే మనిషే జవాబు చెప్పాలి. ఇంకొకరు చెబితే అది సమాచారం కాదు, ఊహ.

మొదటి నియమం తేలికే. రెండోది ఆ ఊళ్లో ఎంత కష్టమో మేడమ్‌కు తెలిసినట్టు లేదు.

గళ్లున్న కాగితం కనిపిస్తే చాలు, అది ఏదో పథకం అనుకుంటారు జనం. మొదటి ఇంట్లో అడక్కుండానే ఆధారు కార్డు తెచ్చి చేతిలో పెట్టారు. 'నేను కాలేజీ నుంచి వచ్చానండీ' అని ప్రవల్లిక అన్ని ఇళ్లలోనూ చెప్పింది కానీ, ఆమె గొంతు ఆమె దుపట్టా దాటి వచ్చేది కాదు. మేం వీధి చివరకు చేరేలోగా ప్రభుత్వం చెప్పులు పంచుతోందన్న వార్త మాకంటే ముందే వెళ్లి కూర్చుంది.

"రా అమ్మాయ్, కూర్చో. చెప్పులిచ్చే సర్వే అంటగా," అన్నాడు పేరయ్య, చెంపకు నురగతోనే.

"కాదు బాబాయ్, మా చదువు కోసం..."

"ఏదోకటిలే. రాసుకో. మా ఆడోళ్లకి చెప్పుల్లేవు."

మస్తానమ్మ చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, ఒకటి బోర్లాపడి. ప్రవల్లిక వాటిని చూసింది. నేనూ చూశాను. అయినా నా మూడో ప్రశ్నకు 'లేవు' అని టిక్కు పెట్టింది. తొమ్మిదో ప్రశ్నకు వచ్చేసరికి పేరయ్య మొదట చెప్పింది మరిచిపోయాడు. కిందటిసారి ఎప్పుడు కొన్నారంటే "మొన్న ఉగాదికి తెచ్చా" అన్నాడు. అదీ రాసింది. లేని చెప్పులూ, ఉగాదికి కొన్న చెప్పులూ రెండూ ఒకే ఒంటి మీద మోశాను.

సైజు అడిగితే పేరయ్య లేచి, చూరులోంచి కాగితంలో చుట్టిన చీపురుపుల్లను తీశాడు. ఆ ఊళ్లో చాలామంది మగవాళ్ల పద్ధతి అది. ఆడవాళ్ల పాదం పొడవుకు పుల్ల విరిచి, జేబులో పెట్టుకుని ఒంగోలు వెళ్లి, దుకాణంలో ఆ పుల్లకు సరిపడే జత తెస్తారు.

"పెళ్లయిన కాడ్నుంచి ఇదే కొలత. పుల్ల జూపిస్తే షాపోడు కళ్లు మూసుకుని ఇచ్చేస్తాడు. ఏడు రాసుకో."

అతను చెడ్డవాడు కాదు. ఆ పుల్లను పట్టుకున్న తీరులో ఎంత జాగ్రత్త ఉందో దగ్గర నుంచి చూశాను. పాదం మాత్రం అతని ఎదురుగానే నిలబడి ఉంది. దాన్ని అడగాలని అతనికి తోచలేదు.

"నడిచేటప్పుడు నొప్పి ఏమైనా...?"

"ఏం నొప్పి. కుందేలల్లే నడిచిద్ది."

గుమ్మం దగ్గర మస్తానమ్మ ఒక కాలితో రెండో కాలి వేళ్లను రాసుకుంది. ప్రవల్లిక కలం ఆగింది. కళ్లెత్తి ఆమె వైపు చూసి, మళ్లీ నా వైపు దించుకుంది. 'పిన్నీ, మీరు చెప్పండి.' ఆ మూడు మాటలు గొంతులోనే ఉన్నాయి. నేను ఎదురుచూశాను. కలం 'నొప్పి లేదు' గడి దగ్గరకు నడిచింది.

పదహారు అయ్యేసరికి పేరయ్య ఫోను మోగింది. పొలానికి కరెంటు వచ్చిందట. మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. సగం గీసిన గడ్డంతోనే మోటారు వెయ్యడానికి పరుగెత్తాడు.

"అయిపోయినయ్యా పాపా?" అంది మస్తానమ్మ.

"ఇంకొకటుంది పిన్నీ." ప్రవల్లిక పదిహేడో ప్రశ్న చదివింది.

"నేను పోతేనా?"

"అవును. మీరే పోతే."

"యాడికి పొయ్యేది, పొయ్యి మీద పప్పు బెట్టి?" అంది కోటమ్మ మంచం మీద నుంచి.

"పొయ్యేది లేదులే అత్తా. ఊరికే అడుగుతుంది ఆ పిల్ల." మస్తానమ్మ చెయ్యి చాచింది. "నేను రాయొచ్చా? ఏడో తరగతి దాకా చదివా."

గడప మీద కూర్చుని నన్ను మోకాలి మీద పెట్టుకుంది. అక్షరాలు పెద్దవి, గుండ్రనివి, చాలా రోజులకు బయటికొచ్చి తడబడుతున్నవి. నా అంచున పసుపు వేలిముద్ర పడింది. నాలుగు గీతలూ నిండి, కిందికి కూడా దిగింది. 'వెనక పట్టీ ఉండాలి. గట్టు మీద నడిస్తే జారకూడదు. రంగు ఏదైనా సరే కానీ నల్లది వద్దు. నా కుడికాలు ఎడమకాలి కంటే కొంచెం పెద్దది, ఆ సంగతి పుల్లకు తెలియదు. దుకాణంలో కాళ్లు చూసుకోవడానికి కింద ఒక అద్దం పెడతారంట. నేను పోయి రెండు కాళ్లకూ వేసుకుని అందులో చూసుకోవాలి. కొనకపోయినా సరే.'

"కాళ్లకు గూడా మాటలొచ్చినయ్యే నీకు," అంది కోటమ్మ. "ఏం రాశావో చదువు మరి."

మస్తానమ్మ లోగొంతుకతో చదివింది. కోటమ్మ చేతిలో మిరపకాయ అలాగే ఆగిపోయింది. చాపుకున్న తన కాళ్ల వైపు చూసుకుంది.

ఆ రోజు బస్సులో ప్రవల్లిక ఆ జవాబును ఎన్నిసార్లు చదివిందో. నాకు గర్వంగా అనిపించింది.

కాలేజీలో మమ్మల్ని కంప్యూటరులోకి ఎక్కించారు. అవును అంటే ఒకటి, కాదు అంటే రెండు, జవాబు లేకపోతే తొంభై తొమ్మిది. పదిహేడో ప్రశ్న దగ్గర నా వాళ్లందరికీ దాదాపుగా తొంభై తొమ్మిదే. ఏడుగురి మీద 'ఏమీ లేదు' అనీ, ఒకరి మీద 'ఏదైనా పర్లేదు' అనీ ఉంది. మాట్లాడిన దాన్ని నేనొక్కదాన్నే.

మేడమ్ నన్ను చేతిలోకి తీసుకుని రెండు వైపులా చూశారు.

"ఇది ఎవరి ఫారం?"

"వాళ్లింటిది మేడమ్. చివరిది పిన్ని రాసింది, మిగతావి బాబాయ్ చెప్పాడు."

"ఇంటికి పాదాలుండవు ప్రవల్లికా. మూడో ప్రశ్నకు చెప్పుల్లేవు, తొమ్మిదో ప్రశ్నకు ఉగాదికి కొన్నారు. పదహారు ఆయన చెప్పాడు, ఒకటి ఆమె రాసింది. ఇది లెక్కలోకి రాదు. తీసెయ్. లేదా సోమవారంలోగా వెళ్లి, మొదటి నుంచీ ఆమెతోనే చెప్పించుకుని రా."

పక్క బల్ల నుంచి నాగసుధ వంగి గుసగుసలాడింది. "ఇక్కడే కూర్చుని దిద్దెయ్యవే. నా ఫారాలన్నీ క్యాంటీన్లోనే నింపా. నీ లెక్కల కన్నా నావే అందంగా వచ్చాయి."

ప్రవల్లిక నవ్వింది కానీ కలం తియ్యలేదు. ఆదివారం పొద్దున్నే నన్ను అట్టకు బిగించుకుని బస్సెక్కింది. దారంతా నేను ఒకటే కోరుకున్నాను. ఆ పదహారు టిక్కులూ చెరిగిపోవాలి. మస్తానమ్మ గొంతు నా ఒళ్లంతా నిండాలి. నేను లెక్కలోకి వెళ్లాలి.

పేరయ్య ఇంట్లోనే ఉన్నాడు. "చెప్పులు తెచ్చావా?" అన్నాడు.

"లేదు బాబాయ్. నేను గవర్నమెంటు మనిషిని కాదు. చదువుకునే పిల్లను." ఈసారి గొంతు దుపట్టా దాటింది. "పిన్నిని మొదటి నుంచి మళ్లీ అడగాలి. ఆమె చెబితేనే లెక్కకొస్తుంది."

"నేను జెప్పింది రాదా? ఏదీ, ఇట్టా దే."

నన్ను తీసుకుని పెదవులు కదుపుతూ చదివాడు. వెనక్కి తిప్పాడు. కుడికాలు అన్న మాట దగ్గర వేలు ఆగింది.

"ఎవురు రాశారిది?"

"ఎవురు రాసిద్ది? నీ పెళ్లామే," అంది కోటమ్మ.

"పద్దెనిమిదేళ్ల నుంచి తెస్తన్నా. ఒక్కనాడన్నా జెప్పిందా?" అరవలేదు. అరిచి ఉంటే ప్రవల్లిక వెనక్కి తిరిగేది. చిన్నబోయిన ఆ గొంతు ఆమెను కదలనివ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడిన మస్తానమ్మ వైపు తిరిగింది.

"పిన్నీ, మీరు చెప్పండి. ఆ చెప్పులు మీకు సరిపోతున్నాయా?"

మస్తానమ్మ ఆమెను చూసింది. భర్తను చూసింది.

"సరిపోవు," అంది.

ప్రవల్లిక గబగబా కలం మూత తీసింది. కాగితం కోసం చెయ్యి చాచింది. కానీ మస్తానమ్మ ముందుకొచ్చి, భర్త చేతిలోంచి నన్ను తానే తీసుకుంది.

"మిగతాయి నీకు జెప్పేయి కాదమ్మా. ఆయనకు జెప్పాల. నువ్వు ఇంకో ఇల్లు జూసుకో."

"ఆ ఫారం లేకపోతే లెక్కలో మీరుండరు పిన్నీ."

"లేకపోతే మాన్లే."

నా అరవై రెండో అన్నకూ అరవై నాలుగో చెల్లికీ మధ్య నా చోటు ఆ మాటతో ఖాళీ అయిపోయింది. పోవాలనీ ఉంది, ఉండాలనీ ఉంది. మెట్టు మీద ప్రవల్లిక చెయ్యి ఇంకా నా కోసం చాచే ఉంది. మస్తానమ్మ నన్ను గుండెకు ఆనించుకుని, భర్త లోపలికి వచ్చాక రెండో చేత్తో తలుపు వేసింది.