సమ్సోను అడ్డుపడిన గుమ్మం

మా సమ్సోను గుమ్మానికి అడ్డంగా పడుకుంటే ఢిల్లీ మొత్తం ఆగిపోతుంది. సగం ఢిల్లీ అన్నా ఒప్పుకుంటాను. బుల్‌మాస్టిఫ్ జాతి కుక్క, ఎనభై కిలోలు, తలకాయ పెద్ద ప్రెషర్ కుక్కరంత. వాడు మొరగడం మొదలుపెట్టిన ఏడాదే మా మయూర్ విహార్ కాలనీ కోతులన్నీ మూటాముల్లె సర్దుకుని, పిల్లల్ని చంకనేసుకుని యమున దాటి వెళ్ళిపోయాయి.

వాడికో అలవాటుంది. లోపలికి ఎవరినైనా రానిస్తాడు, బయటికి మాత్రం పోనివ్వడు. కరవడు, అరవడు, తలుపుకు అడ్డంగా నిలబడతాడు. మా ఇంట్లో ప్రతి గురువారం ప్రార్థన కూటం జరుగుతుంది. అయిపోయాక మా ఆవిడ ప్రేమకుమారి గుమ్మం దగ్గర ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి "వందనాలండీ" అని సాగనంపుతుంది. చిన్నప్పటి నుంచి వాడు చూసింది అదే. ఆవిడ చెయ్యి కలిపితేనే మనిషి వెళ్ళాలని వాడి లెక్క. నేనైనా అంతే.

మే నెలలో ఒక సాయంత్రం నాలుగింటికి మా ఫ్లాట్ల సొసైటీ సెక్రటరీ సదాశివరావు గారు నోటీసు పట్టుకొచ్చారు. నేను అంబులెన్స్ నడిపేవాణ్ణి, చదువు రాదు. ఆయనే చదివి వినిపించారు. మా వాడు కొరియర్ అతన్ని మూడు గంటలు ఆపేశాడట. ఆదివారం లోపల కుక్కను పంపించెయ్యాలి, లేదంటే సొసైటీవాళ్ళే వచ్చి తీసుకుపోతారట.

అప్పట్నుంచి నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి తిరుగుతున్నాను. నా వెనకే సమ్సోను గోళ్ళు టకటకలాడిస్తూ తిరుగుతున్నాడు. ఆయన వెళ్దామని లేవగానే మాత్రం వెళ్ళి తలుపు ముందు నిలబడ్డాడు.

"దీన్ని పక్కకు తియ్యవయ్యా అంద్రెయా."

"మీరే చూడండి సార్," అని గొలుసు వేసి లాగాను. నేనే ముందుకు జారాను. చికెన్ మెడలు చూపించాను. తల తిప్పుకున్నాడు. షికారుకు రమ్మన్నాను. ఇంట్లో బయటి మనిషుంటే వాడు డ్యూటీ దిగడు.

"ప్రేమ ఐదున్నరకి వస్తుంది సార్. చెయ్యి కలిపితే వెళ్ళిపోవచ్చు."

"ఐదింటికి నేను మోటార్ వెయ్యాలయ్యా."

మా సొసైటీలో నీళ్ళ మోటారు గది తాళం ఆయన జేబులోనే ఉంటుంది. బాల్కనీ నుంచి కూరల బుట్టలో తాళంచెవి కిందికి పంపుదామన్నాను.

"ఎవరి చేతికివ్వమంటావు? పోయినసారి ఇస్తే మోటారు కాల్చేశారు. ఈ తాళంచెవి నా జేబు దాటదు."

ఐదయింది. ఆయన కూర్చుంటారు, లేస్తారు. లేచినప్పుడల్లా సమ్సోనూ లేస్తాడు. ఉక్కపోతకు వాడి నాలుక మోకాళ్ళదాకా వేలాడింది. ఇంట్లో మిగిలిన ఒక్క బకెట్ నీళ్ళూ వాడి కూలర్లో పోశాను.

ఐదున్నరకి ప్రేమ ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చింది. సదాశివరావు గారు రెండు చేతులూ ముందుకు చాపారు. ఆవిడ నాలుగడుగులు వెనక్కి వేసింది.

"వార్డు నుంచి వస్తున్నాను అంకుల్. స్నానం చెయ్యందే ఎవర్నీ ముట్టుకోను."

"శానిటైజర్ రాసుకోమ్మా."

"ఐసోలేషన్ వార్డు అంకుల్. మీకసలే షుగర్."

స్నానాలగదిలో కుళాయి తిప్పిన చప్పుడైంది. గాలి బుస్సుమంది.

"నీళ్ళేవండీ?" అంది లోపలి నుంచి.

నేను సదాశివరావు గారి వైపు చూశాను. ఆయన జేబు వైపు చూసుకున్నారు. నీళ్ళు రాకపోతే స్నానం లేదు. స్నానం లేకపోతే చెయ్యి కలపదు. చెయ్యి కలపకపోతే ఆయన కదలరు. ఆయన కదలకపోతే నీళ్ళు రావు.

ఈలోగా కింద బకెట్లు మోగుతున్నాయి. నూట ఇరవై ఫ్లాట్లవాళ్ళు దిగొచ్చారు. మొదటి అంతస్తు ప్రీతి ఆంటీ నీళ్ళెప్పుడొస్తాయని తల పైకెత్తి అరిచింది.

"రావ్ జీ, పానీ కబ్ ఆయేగా?"

"ఆయేగా, ఆయేగా," అన్నారాయన బాల్కనీలోంచి. "ఈ కుక్క నన్ను పట్టుకుంది."

"కుత్తా ఠీక్ హై. చాబీ ఫేంకో," అంది ఆవిడ. కుక్కకేం, బాగానే ఉంది, తాళంచెవి విసరమని. కోతులు పోయాక బాల్కనీలో వడియాలు పెట్టుకుంటున్న మనిషి.

చీకటి పడబోతుండగా ఆయన తాళంచెవిని ముద్దు పెట్టుకున్నంత పనిచేసి బుట్టలో వేశారు. ఏ స్విచ్ నొక్కాలో పైనుంచి ఇరవైసార్లు అరిచి చెప్పారు. మోటారు కాలలేదు. నీళ్ళు ఎంత జోరుగా వచ్చాయంటే మా షవర్ సీలింగుకు తగిలింది.

ప్రేమ తడిజుట్టుతో వచ్చి చెయ్యి కలిపింది.

"వందనాలండీ అంకుల్. మళ్ళీ రండి."

సమ్సోను పక్కకు జరిగి తోకాడించాడు. సదాశివరావు గారు గడప దాటి, రెండు మెట్లు దిగి, గోడకు చేరగిలబడి ఆగారు.

"ఆదివారం దీన్ని తీసుకెళ్ళడానికొచ్చినవాళ్ళనీ ఇలాగే ఆపుతుందా?"

"ఆదివారం నాకు పన్నెండు గంటల డ్యూటీ అంకుల్," అంది ప్రేమ.

ఆ ఆదివారం పొద్దుటి నుంచి నేను కిటికీ దగ్గరే తిరిగాను. కింద కమిటీవాళ్ళు ఐదుగురు నిలబడి మా ఇంటివైపు చూస్తున్నారు. మీరెళ్ళండంటే మీరెళ్ళండనుకున్నారు. ఎండెక్కాక ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు.

నోటీసు ఇప్పటికీ మా ఫ్రిజ్ మీదే ఉంది. సమ్సోనును తీసుకెళ్ళడానికి ఎవరైనా రావచ్చు. లోపలికి రావడానికి మా ఇంట్లో అడ్డేం లేదు.